వద్దనని అక్క

పోయిన వారం కోయంబత్తూరు గాంధీపురంలో ఒక పెద్ద బట్టల కొట్లో చీరలు చూస్తున్నాను. పక్కనే ఒక పెద్దావిడ చీర అంచును వెలుతురుకు పట్టి, కూతురితో "ఇది ఉతికితే రంగు నిలుస్తాదా?" అంది. నా నోరు ఊరుకోదు. "నిలవదమ్మా" అనబోయి, పెదవి దాకా వచ్చిన మాటను మింగేశాను. అప్పటికే ఆలస్యమైంది. నా మొహంలో ఏం కనిపించిందో, ఆవిడ నా వైపు తిరిగి, "మీరు తెలుగోళ్లా? ఏ ఊరు? ఎవరిండ్లు?" అని గుక్క తిప్పుకోకుండా అడిగేసింది. నేను కళ్ళు పెద్దవి చేసి, తల అడ్డంగా ఊపి, నాకు తెలుగు రాదని తమిళంలో చెప్పి, చేతిలో ఉన్న చీర అక్కడే పెట్టి, మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేశాను.

బస్టాండు దాకా నడిచాక నాకే నవ్వొచ్చింది. ఆ కళ్ళు పెద్దవి చేయడం, ఆ తల ఊపడం నావి కావు. అక్కవి. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ నేర్పిన అబద్ధం మాత్రం నా దగ్గర నిక్షేపంగా ఉంది.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. సింగానల్లూరులో ఒక లేత్ వర్కుషాపు పైన, మేడ మీద ఉండే మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు పెద్ద. విజిటింగ్ కార్డు మీద ప్రాజెక్టు మేనేజర్ అని ఉండేది. చెన్నై హెడ్డాఫీసులో కూర్చునే డైరెక్టరుతో సహా అందరూ అక్క అనే పిలిచేవాళ్ళు. మదురై దగ్గర వాడిపట్టి పక్కన వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, పెళ్ళై కోయంబత్తూరు వచ్చింది. నేను అదే ఆఫీసులో టెస్టర్ని. అంటే ఇంకొకరు కష్టపడి చేసినదాంట్లో తప్పులు పట్టడం నా పని. దీనికి జీతం కూడా ఇస్తారని తెలిసిన రోజు మా అత్తగారు చాలా బాధపడింది, ఇన్నాళ్ళూ తను ఊరికే చేస్తూ వచ్చానని.

ఆఫీసులో తెలుగువాళ్ళం మేమిద్దరమే. మాది బళ్ళో చదువుకున్న తెలుగు కాదు, వంటింట్లోనూ పోట్లాటల్లోనూ నిలిచిన తెలుగు. నేను అక్షరాలు నేర్చుకున్నది పెళ్ళయ్యాక, ఫోన్లో చూసి. అక్కకు, వాళ్ళ ఇంట్లోవాళ్ళకు అవీ రావు. అందుకే ఆవిడ గురించి ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

మనిషి నిండుగా ఉండేది. తల్లో మల్లెపూలు, ఆ పూల పక్కనే ముడిలో గుచ్చిన మార్కర్ పెన్ను. కొంగు నడుముకు దోపిందంటే క్లయింటు వస్తున్నాడని అర్థం. గాజులు మోచేతి దాకా పైకి తోసిందంటే ఆ క్లయింటు కొత్తగా ఏదో అడగబోతున్నాడని అర్థం. ఆ గాజుల చప్పుడు వినగానే డెవలపర్లకు టీ తాగాలనిపించేది.

మా పని పద్ధతిలో రోజూ పొద్దున టీమంతా నిలబడి నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఏది అడ్డం పడింది అని చెప్పుకోవాలి. మిగతా కంపెనీల్లో ఏసీ గదిలో నిలబడతారట. అక్క మమ్మల్ని డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఎండలో నిలబెట్టేది. "నీడలో నిలబెడితే కథ చెప్తారు, ఎండలో నిలబెడితే విషయం చెప్తారు" అనేది. నిజమే. ఒకసారి వాన పడుతోందని వరండాలో పెట్టుకుంటే ఆ మీటింగు భోజనాల దాకా నడిచింది. మరుసటి రోజు గొడుగులు తెచ్చుకోమంది.

ఎవరైనా "రెండు రోజుల్లో అయిపోతుందక్కా" అంటే నమ్మేది కాదు. "బస్సెక్కేశా అని మీ అమ్మకి ఆఫీసులో నుంచే చెప్తావే, ఆ లెక్కలో రెండు రోజులా, లేకుంటే నిజంగా రెండు రోజులా?" అని అడిగేది. ఆ పిల్లాడు తల గోక్కుని ఐదు అనేవాడు. అక్క ఐదే రాసుకునేది.

వీటన్నిటికంటే పెద్ద విచిత్రం, ఆవిడ నోట వద్దు అనే మాట వచ్చేది కాదు. లేదు, కాదు, కుదరదు, ఏవీ రావు. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయి అనకూడదని నిండుకున్నాయి అంటారు కదా, అక్క ఆ మర్యాదను ఆఫీసుకు కూడా తెచ్చింది. టైము నిండుకుంది. సర్వర్లో జాగా నిండుకుంది. ఒకసారి హెడ్డాఫీసు ఫోను పెట్టేసి, ఓపిక నిండుకుందని చెప్పి ఇంటికి వెళ్ళిపోయింది.

వద్దనకుండా ఈ ఉద్యోగం ఎట్లా చేస్తారని మీరు అడగాలి. ఇల్లు కట్టేటప్పుడు గోడ లేచాక కిటికీ అవతలికి జరపమంటే మేస్త్రీ తాపీ విసిరేసి పోతాడు. సాఫ్ట్‌వేర్లో గోడ కంటికి కనపడదు కాబట్టి అందరూ కిటికీలు జరపమనేవాళ్ళే. "చిన్న మార్పే కదా" అన్న మాట నేను విన్నన్నిసార్లు నా పేరు కూడా విని ఉండను. దానికి అక్క జవాబు ఎప్పుడూ ఒకటే.

"ఎక్కించుకుందాం. ఎవర్ని దించేది?"

బస్సు ఒకటి, డ్రైవరు ఒకడు, చేరాల్సిన టైము ఒకటి, కాబట్టి కొత్తగా ఒకరు ఎక్కాలంటే ఉన్నవాళ్ళలో ఒకరు దిగాలని ఆవిడ వాదం. "మన టౌను బస్సులో ఎవరూ దిగకుండానే ఎక్కుతారు కదక్కా" అన్నాను ఒకసారి. కిటికీలోంచి కింద రోడ్డు చూపించింది. "అందుకే అది అక్కడ నిలిచిపోయి ఉండాది చూడు." అది బ్రేక్‌డౌనైన బస్సు. జనం దిగి తోస్తున్నారు.

ఈ బస్సును ఆవిడ గోడ మీద గీసి పెట్టింది. తెల్లబోర్డు మీద ఎర్ర ఇన్సులేషన్ టేపుతో ఒక చట్రం. రెండు వారాలకు చేయగలిగిన పనులు చీటీల మీద రాసి ఆ చట్రంలో అంటిస్తాం. మా భాషలో ఆ రెండు వారాలను స్ప్రింట్ అంటారు. చట్రం నిండితే బస్సు నిండినట్లే. కొత్త చీటీ అంటించాలంటే అడిగినవాళ్ళే లేచి వచ్చి, వాళ్ళ చేత్తోనే పాత చీటీ ఒకటి పీకాలి. ఈ పీకడం దగ్గరే సగం కోరికలు చల్లబడేవి. ఒక తెలివైన క్లయింటు చీటీని నిలువునా చించి రెండు చేశాడు. అక్క ఆయనకు తెచ్చిన కాఫీని రెండు గ్లాసుల్లో సగం సగం పోసి ఇచ్చింది.

ఇంత గట్టి మనిషికి ఒక్క భయం ఉండేది. క్లయింటు తెలుగువాడని తెలిస్తే చాలు, చెమటలు పట్టేవి. దానికి కారణం ఒక రైసుమిల్లు.

ఇక్కడ చేరకముందు ఆవిడ మదురైలో ఒక కంపెనీలో పనిచేసింది. వాళ్ళ ఊరివైపు ఒక రైసుమిల్లు ఆయనకు బిల్లుల సాఫ్ట్‌వేర్ చేయాలి. మొదటి మీటింగులో ఆయన ఏ ఊరన్నాడు, రెండో ప్రశ్నకు ఎవరిండ్లని ఇంటిపేరు అడిగాడు, మూడో మాటకు వరస తేల్చేశాడు. అక్కకు మామ అయ్యాడు. ఇక చూసుకోండి. బిల్లులతో మొదలైన సాఫ్ట్‌వేర్‌లోకి ఊరి గుడి కొలుపు వచ్చింది, జల్లికట్టు ఎద్దు మేత వచ్చింది, చిన్న మనవడి ట్యూషన్ టైము వచ్చింది. "మామ అడిగితే ఎవర్ని దించేది మామా అని అడిగేదానికి నోరు వస్తుందా చెప్పు? మొగం చూస్తే మా నాన్న పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి" అనేది. చివరికి అక్క ఆ కంపెనీ వదిలేసింది. ప్రాజెక్టు మాత్రం ఇంకా నడుస్తోందనీ, దాంట్లో ఇప్పుడు ఎద్దుకు ఫోటో కూడా ఉందనీ చెప్పేది.

అందుకని నేను చేరిన మొదటి వారమే నాకో కట్టడి చేసింది. "క్లయింటు ముందర మనకి తెలుగు రాదు. అర్థమయిందా పాపా? కాలు మీద బండ పడినా తమిళంలోనే ఏడ్చాల." ఆ తల ఊపడం, కళ్ళు పెద్దవి చేయడం అద్దం ముందు నాతో సాధన చేయించింది.

నాకు ఆ కట్టడి ఇంకో కారణానికి నచ్చింది. మా తాతలు మిల్లు కూలీలు. అక్క వాళ్ళ జనం వేరు, మా జనం వేరు. ఎవరిండ్లు అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్తే వరసలు కలవవు, మాటలు ఆగిపోతాయి. ఆ ఆగిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అది నాకు మంట. తెలుగే రాదంటే ఆ గొడవే లేదు.

ఇట్లా ఇద్దరం మా మా కారణాలకు తెలుగు దాచుకుని హాయిగా ఉండగా, మోటారు పంపుల ఫ్యాక్టరీ ముదలాళి వచ్చాడు. ముదలాళి అంటే యజమాని. అరవై దాటిన మనిషి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మీసం ఒక్కటే నల్లన. ఆయన డీలర్లు ఊరూరా ఉన్నారు. వాళ్ళు ఫోన్లోనే పంపులకు ఆర్డరు పెట్టుకునేట్లు ఒక యాప్ చేయాలి. ఆయుధపూజ నాడు, ఫ్యాక్టరీలో మిషన్లకు పూజ చేసేటప్పుడు, డీలర్లందరినీ పిలిచి వాళ్ళ ముందు ముదలాళి తన చేత్తో మొదటి ఆర్డరు నొక్కుతాడు. ఆ తేదీ కదలదు.

మాకూ ఆ తేదీ కదలదు. హెడ్డాఫీసు డైరెక్టరు ఫోన్లో చాలా తియ్యగా చెప్పాడు. ఆయుధపూజకు ఈ యాప్ బయటికి వస్తే కోయంబత్తూరు ఆఫీసు ఉంటుంది. రాకపోతే మూసేసి అందరినీ చెన్నైకి పిలిపించుకుంటారు. మా ఆయన ఇక్కడే వర్కుషాపులో మోటారు వైండింగ్ చేస్తాడు. ఆయన చెన్నై రాడు, ఆయన్ని వదిలి నేను పోను. అంటే నా ఉద్యోగం పోయినట్లే. దాదాపు అందరి సంగతీ ఇంతే. ఆ రోజు డాబా మీద నిలబడితే ఎండ కూడా ఎవరికీ తగల్లేదు.

మొదటి రివ్యూకు ముదలాళి తన అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. అల్లుడు ఆయన తోడబుట్టినావిడ కొడుకే కాబట్టి "ఏరా" అనే పిలుపు. మేం తెర మీద యాప్ చూపిస్తుండగా ముదలాళి అల్లుడి వైపు వంగి, తెలుగులో, లేత్ చప్పుడుకు మించి గట్టిగా అన్నాడు: "అన్నీ అడిగి చూస్తాంరా. ఇస్తే మంచిది. ఇయ్యకుంటే పోయేదేముండాది?"

టేబుల్ కింద అక్క నా తొడ గిల్లింది. నేను కళ్ళు పెద్దవి చేశాను.

ఆ తర్వాత ప్రతి రివ్యూలోనూ ఇదే. ముదలాళి తమిళంలో బోలెడు అడిగేవాడు, తెలుగులో అల్లుడితో నిజం చెప్పేవాడు. "మనకి అవసరం ఒకటేరా. గోడౌన్లో సరుకు ఉండాదా లేదా అని డీలరుకి తెలియాల. తక్కినవన్నీ సుమ్మా, ఊరికే." వెంటనే అక్క అమాయకంగా మొహం పెట్టి, తమిళంలో, "సార్, నాకేమో ఈ గోడౌన్ సరుకు సంగతి ముందు చేస్తే బాగుంటుందనిపిస్తోంది. తక్కినవి తర్వాత చూద్దామా?" అనేది. ముదలాళి ఉలిక్కిపడి అల్లుడితో, "ఈయమ్మకి దేవుడు చెవిలో వచ్చి చెప్తా ఉండాడురా" అనేవాడు. డబ్బిచ్చి పెద్ద కోర్సులు చదివి, క్లయింటు మనసులో ఏముందో కనుక్కోవడం ఎట్లాగని జుట్టు పీక్కునే మేనేజర్లను నేను చూశాను. మా అక్కకు క్లయింటే పక్కన కూర్చుని మైకులో చెప్పేవాడు.

దీనికి ఖర్చు లేకపోలేదు. "మనిషి లావు గానీ బుద్ధి నిండా సన్నం" అని ముదలాళి మెచ్చుకుంటే అక్క నవ్వకూడదు. "ఆ పక్కన కూర్చునే పిల్ల మొగం చూడు మామా, పప్పు మాడినట్ల" అని అల్లుడు అంటే నేను ఏమీ అనకూడదు. ఆ రోజు నేను వాళ్ళ యాప్‌లో వెతికి వెతికి తప్పులు పట్టాను.

"ఇట్ల వినేది తప్పు కాదా అక్కా?" అని ఒకసారి అడిగాను.

"వాండ్లు అంత గట్టిగా మాట్లాడతా ఉంటే నా చెవులు ఎక్కడ పెట్టుకునేది?" అంది. కానీ చూపు తిప్పుకుంది. ఆవిడకూ అది ముల్లులా ఉందని నాకు తెలిసింది.

అంతా బాగానే పోతోందనుకుంటుండగా, ఆయుధపూజ దగ్గరపడ్డాక ముదలాళికి ఏదో అయింది. ఆయన కోరికలు తిక్కగా మారాయి. ఆర్డరు బటన్ ఎరుపు వద్దు, పచ్చగా కావాలి. పచ్చ వద్దు, పసుపు. అక్షరాలు ఇంకా పెద్దవి కావాలి. బటన్ కింద కాదు, పైన. పైన కాదు, మధ్యలో. అక్షరాలు తీసేసి పంపు బొమ్మ పెట్టండి. ప్రతిదానికీ అక్క "ఎక్కించుకుందాం, ఎవర్ని దించేది?" అని అడగడం, ఆయన లేచి బోర్డు దగ్గరికి పోయి, చేతికి అందిన చీటీ చూడకుండా పీకేయడం. రెండుసార్లు నొక్కినా ఆర్డరు ఒకటే పోవాలని నేను పోరి పోరి రాయించుకున్న చీటీని పసుపు రంగు కోసం పీకేశాడు. తను అంతగా కోరిన గోడౌన్ సరుకు చీటీని పంపు బొమ్మ కోసం పీకేశాడు. అల్లుడు నెత్తి పట్టుకున్నాడు.

"మార్చేది తప్పు కాదు పాపా" అంది అక్క ఆయన వెళ్ళాక, బోర్డునే చూస్తూ. "ఎందుకు మారుస్తా ఉండాడో తెలియలేదే, అది తప్పు."

ఆ తర్వాతి రివ్యూలో తెలిసింది. ఆ రోజు ముదలాళి తెర వైపు చూడనే లేదు. కాఫీ గ్లాసు పట్టుకుని, అల్లుడి వైపు వంగి, ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించి చెప్పాడు. కింద వర్కుషాపుకు ఆ రోజు సెలవు. ప్రతి మాటా వినిపించింది.

"నాకి కండ్లు ఆనేది లేదురా. ఏ రంగు పెట్టినా మసకే. పూజ నాడు అంతమంది ముందర నన్ను నొక్కమంటావు. తప్పు నొక్కి, వాండ్లు నవ్వితే? ముప్పై ఏండ్లుగా నేను చెప్పినట్ల విన్నోళ్లురా వాండ్లు. తేదీ తోసేయమని చెప్పు. వచ్చే ఏడాది చూసుకుందాం."

అల్లుడు తమిళంలో చెప్పబోతూ మా వైపు తిరిగాడు. ఆ నోట్లోంచి రాబోయే మాటతో మా ఆఫీసు మూతపడుతుంది.

అక్క గాజులు పైకి తోసింది.

ఆవిడ ఊరుకుంటే తేదీ పోతుంది. నోరు తెరిస్తే, మూడు నెలలుగా వాళ్ళ ఇంటి మాటలన్నీ విన్నామని బయటపడుతుంది. ఆయన కోపంతో ప్రాజెక్టే ఎత్తుకుపోవచ్చు. పోకపోతే ఇంకా ఘోరం, మామ అయి కూర్చోవచ్చు. ఇదంతా ఆవిడ మొహంలో కదలడం నేను చూశాను. అల్లుడు "మేడమ్" అనేలోగా అక్క ముదలాళి వైపు చూసి, తెలుగులో అడిగింది.

"మీ ఫోన్లో చెయ్యి పెట్టేదానికి ఒకటే జాగా ఉంటే, ఎక్కడ నొక్కినా అదే అయితే, అప్పుడు భయముండదు కదా?"

ముదలాళి చేతిలో గ్లాసు గాల్లో నిలిచిపోయింది. అల్లుడి మొహం చూడాలి. తను ఈ గదిలో తెలుగులో అన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్లు, చెవులతో మొదలై మెడ దాకా ఎర్రబడ్డాడు. పప్పు మాడిన మొహం పెట్టి నేను అతన్నే చూశాను.

"మీకి తెలుగు వస్తుందా?" అన్నాడు ముదలాళి.

"వస్తుంది."

"ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి నుంచి."

ముదలాళి గ్లాసు కింద పెట్టాడు. కళ్ళ సంగతి బయటపడ్డ సిగ్గు ఒక పక్క, ఇన్నాళ్ళూ మోసపోయిన కోపం ఒక పక్క, మీసం అదురుతోంది. నేను మనసులో చెన్నై బస్సెక్కేశాను. అప్పుడు ఆయన, ఆ కోపంలోనే, ఈ జనం ఎంత కోపంలో ఉన్నా మానుకోలేని పని చేశాడు.

"ఏ ఊరు?"

"వాడిపట్టి పక్కన."

"ఎవరిండ్లు?"

అక్క కళ్ళు మూసుకుని ఇంటిపేరు చెప్పింది. కోర్టులో నేరం ఒప్పుకున్నట్లు చెప్పింది.

ముదలాళి ఇప్పుడు కోపం పక్కన పెట్టి లెక్కలోకి దిగాడు. మీ అమ్మ పుట్టిల్లు ఏది, ఆమె మేనత్తను ఎక్కడికిచ్చారు, ఆ ఇంటి పెద్దకోడలు ఎవరి బిడ్డ. అక్క ఒక్కొక్కదానికీ నీరసంగా జవాబు చెప్తోంది. ఆయన వేళ్ళు ముడుస్తూ, విప్పుతూ, మళ్ళీ ముడుస్తూ పోయి, ఒకచోట ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి సరిచూశాడు. తర్వాత, నేను ఎదురుచూడనిది, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నువ్వు మా అమ్మకి చెల్లెలి వరస" అన్నాడు. "నాకి చిన్నమ్మవి."

అరవై దాటిన ముదలాళి, యాభై కూడా నిండని మా అక్క ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వయసు ఎంతైనా కానీ, తల్లి వరస అంటే తల్లి వరసే. పెద్ద కుటుంబాల్లో ఇట్లాంటివి జరుగుతాయి. మేనమామ ఉయ్యాల్లో ఉంటాడు, మేనల్లుడు కాలేజీలో ఉంటాడు.

అక్క కళ్ళు తెరిచింది. జీవితమంతా మామలకు భయపడి భాషే దాచుకున్న మనిషి. ఎదురుగా చూస్తే మామ కాదు, కొడుకు. ఆ సంగతి ఆవిడలోకి మెల్లగా దిగింది. నడుముకు దోపిన కొంగు సర్దుకుంది. నేను నాలుగేళ్ళుగా ఆవిడ నోట వినని మాట అప్పుడు విన్నాను.

"వద్దు" అంది.

బోర్డు దగ్గరికి నడిచింది. "ఈ పసుపు వద్దు." చీటీ పీకింది. "ఈ బొమ్మ వద్దు." పీకింది. "పైనా వద్దు, మధ్యలో వద్దు, తేదీ తోసేది అసలే వద్దు." ప్రతి వద్దుకీ గొంతు పెరుగుతోంది, మొహం విప్పారుతోంది. ఎన్నో ఏళ్ళు లోపల దాచిపెట్టినవన్నీ ఆ రోజే ఖర్చు పెట్టేట్లు ఉంది. "నీ ఫోన్లో ఒకటే బటను పెడతాం, అద్దం నిండా. కండ్లు మూసుకుని నొక్కు. అది అయినాక కంటి ఆపరేషన్ చేయించుకో. దానికి మాత్రం వద్దనేది నీకి లేదు."

"సరి చిన్నమ్మా" అన్నాడు ముదలాళి.

అల్లుడు కూడా లేచి నిలబడ్డాడు. అతని వరస ఏమవుతుందో లెక్క వేసుకునే ధైర్యం అతనికి లేదు.

అప్పుడు ముదలాళి సంతోషంగా నా వైపు తిరిగాడు. "నువ్వూ తెలుగేనా పాపా? ఎవరిండ్లు?"

నేను చెప్పాను. ఆయన వేళ్ళు ముడవడానికి లేచి, ముడవకుండానే దిగిపోయాయి. "ఓ, అట్లనా" అన్నాడు. కాఫీ చల్లారిపోయిందని అల్లుడితో అన్నాడు. అంతే. పెద్ద మాట ఏమీ కాదు. కానీ అంతసేపు నేనూ ఆ నవ్వులో ఉన్నాను, ఆ క్షణం నుంచి లేను. నాకు నొప్పి పుట్టింది.

అక్క అది చూసింది. ఆవిడ చూడనిదంటూ ఏదీ ఉండదు. "ఇది విను" అంది ముదలాళితో, నన్ను చూపించి. "ఈ పాప చూసి సరి అంటేనే నీ యాప్ బయటికి వస్తుంది. నేను చెప్పినా రాదు, నువ్వు చెప్పినా రాదు." ముదలాళి నన్ను మళ్ళీ చూసి, కొంచెం ఆలోచించి, తల ఊపాడు.

ఆయుధపూజ నాడు ఫ్యాక్టరీలో మిషన్లకు పసుపు, కుంకుమ, చందనం. గుమ్మడికాయ కొట్టారు, బొరుగులు పంచారు. డీలర్లందరి ముందు ముదలాళి ఫోను ఎత్తి అద్దమంత బటన్ మీద అరచెయ్యి పెట్టాడు. పెద్ద తెర మీద పొల్లాచ్చి ఊరి డీలరు పేరుతో మొదటి ఆర్డరు కనపడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనకు ఎంత సంబరమైందంటే, మళ్ళీ నొక్కాడు. చప్పట్లు ఆగలేదు కాబట్టి మళ్ళీ మళ్ళీ నొక్కాడు. రెండుసార్లు నొక్కినా ఒకే ఆర్డరు పోయే చీటీని ఆయనే పసుపు రంగు కోసం దించేశాడు కదా, దాన్ని తిరిగి ఎక్కించడానికి టైము నిండుకుంది. ఆయన ఆపేసరికి ఆ పొల్లాచ్చి డీలరు పేరు మీద గోడౌన్ మొత్తం అమ్ముడుపోయింది. ఆ డీలరు బొరుగుల పొట్లం పట్టుకుని నిలబడ్డచోటే కూలబడ్డాడు. నేను కూర్చుని ఒక్కొక్కటే రద్దు చేస్తుంటే, అక్క నా వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

మా ఆఫీసు నిలిచింది. ఇప్పటికీ ఆ లేత్ చప్పుడు మీదే ఉంది.

ఆ తర్వాత ముదలాళి నెలకోసారి ఏదో ఒక వంకతో వచ్చేవాడు. ఆపరేషన్ అయ్యాక నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూడా వచ్చాడు. "చిన్నమ్మా, ఇంకొకటి చేర్చుకుందామా" అనేవాడు. అక్క తల ఎత్తకుండా "వద్దు" అనేది. ఆయన "సరి చిన్నమ్మా" అని, ఎంతో తృప్తిగా కాఫీ తాగి వెళ్ళేవాడు. పెద్ద ముదలాళికి వద్దని చెప్పే మనుషులు ఎప్పుడో పోయి ఉంటారు. ఆ మాట వినడానికే వచ్చేవాడని నా నమ్మకం. మిగతా క్లయింట్లకు మాత్రం అక్క మళ్ళీ "ఎవర్ని దించేది" దగ్గరికే పోయింది. వద్దు అనే మాట ఆవిడ ఆ ఒక్క కొడుకు కోసమే ఉంచుకుంది.

పోయిన ఏడాది జ్వరమని పడుకుని అక్క లేవలేదు. మూడు రోజుల్లో అయిపోయింది. ఆ మనిషి అట్లా పోగలదని మాకెవరికీ తోచలేదు. నాకిప్పటికీ కోపమే.

సింగానల్లూరులో వాళ్ళ ఇంటి ముందు పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలు. ముదలాళి వచ్చాడు, నేరుగా లోపలికి పోయి, ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. తెలియనివాళ్ళు, ఇంత పెద్దాయన చిన్నదాని కాళ్ళ మీద పడడమేమిటని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన పట్టించుకోలేదు. బయటికి వచ్చి నాకు ఒక కుర్చీ అవతల కూర్చున్నాడు. ఆయన వైపు బంధువులు చాలామందే ఉన్నారు. ఎందుకో నా దగ్గరికి వచ్చాడు.

"డీలరు నోటితో చెప్తే ఆర్డరు పోయేట్ల ఒకటి చేయించాలని ఉంటి పాపా" అన్నాడు, నేల చూస్తూ. "చిన్నమ్మని అడగాలని ఉంటి. నాకి తెలుసు, వద్దంటుంది. ఇంక నేను ఎవర్ని అడిగేది? వద్దని చెప్పేదానికి నాకెవరుండారు?"

మీసం అదిరింది. నల్లకళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు జారాయి.

"నేను మీకి ఏ వరసా కాను అయ్యా" అన్నాను. "అయినా చెప్తా. వద్దు."

ఆయన నన్ను చూశాడు. ఈసారి వేళ్ళు ముడవలేదు, ఏ లెక్కా వేయలేదు. "సరి" అన్నాడు. మధ్యలో ఉన్న ఖాళీ కుర్చీలోకి జరిగి నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరం అక్క కోసం ఏడ్చాం.